పగ ఎవరి ఆస్తి? కథల్లో, తెర మీద, వాడల్లో ప్రతీకారం

తెలుగు సినిమాకు పగ లేకపోతే పూట గడవదు. తండ్రిని చంపినవాణ్ణి కొడుకు చంపుతాడు, అన్నను చంపినవాణ్ణి తమ్ముడు చంపుతాడు, హాల్లో ఈలలు మోగుతాయి. ఆ ఈలలు వేసేవాళ్ళలో నేల టిక్కెట్టు మీద కూర్చున్న మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు తక్కువేం కాదు. కానీ తెర మీదగానీ పుస్తకంలోగానీ పగ తీర్చుకునే హక్కు ఎవరికుంది, ఎవరికి లేదు అన్న ప్రశ్నను మన విమర్శకులు గట్టిగా పట్టించుకోలేదు. పగ మనిషి సహజగుణమని, దానికి కులమేంటని అనేవాళ్ళున్నారు. మేము ఒప్పుకోం. నీళ్ళకూ శ్మశానానికీ కులం ఉన్న ఈ దేశంలో పగకు మాత్రం లేకుండా ఎట్లా పోతుంది?

1. వారసత్వంగా పగ

మొదలు పురాణాల్లోనే ఉంది. కార్తవీర్యుడి కొడుకులు తన తండ్రిని చంపారని పరశురాముడు 21 మార్లు క్షత్రియుల్ని నరికాడు. అవతారపురుషుడయ్యాడు. తండ్రి పాముకాటుకు చనిపోయాడని జనమేజయుడు పాముల జాతినంతటినీ గుండంలో వేయబోయాడు. దాన్ని యాగం అన్నారు. ద్రౌపది అవమానం కోసం కురుక్షేత్రం జరిగింది. దాన్ని ధర్మం అన్నారు. మరి బొటనవేలు కోసి ఇచ్చిన ఏకలవ్యుడో? ఆదర్శ శిష్యుడయ్యాడు! అతనికి కోపం వచ్చిందా లేదా అని కూడా కవులకు అనుమానం రాలేదు. అవమానం అందరికీ జరుగుతుంది, పగ మాత్రం కొందరికే పుడుతుంది అనే సూత్రం అక్కడే స్థిరపడిపోయింది.

ఆ సూత్రాన్నే మన ఫ్యాక్షన్ సినిమా సుమోలెక్కించి ఊరేగించింది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు'. పేర్లలోనే కులం తోకలు వేలాడుతున్నాయి. ఇక్కడ పగ పొలం లాగా, మేడ లాగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి. హీరో కత్తి పట్టకపోతే వంశానికి మచ్చ, పడితే ఊరికి పండగ. ఆ కత్తి కింద పడేవాళ్ళ సంగతి? వాళ్ళకి పేర్లుండవు, ఇళ్ళుండవు, ఏడ్చే పెళ్ళాం బిడ్డలుండరు. సీమ ముఠా కక్షల్లో నాయకుల కోసం బాంబులు మోసి చచ్చినవాళ్ళలో పేద రైతులు, కూలీలు, మన వాడలవాళ్ళు ఉన్నారు. వాళ్ళ చావు కథ కాదు, ఫైటింగు సీను.

ఇంకో ఉదాహరణ. టి. కృష్ణ 'ప్రతిఘటన' 1985లో వచ్చింది. నడివీధిలో బట్టలూడదీసి అవమానించిన రౌడీ నాయకుణ్ణి లెక్చరర్ ఝాన్సీ చివరికి జనం ముందే గొడ్డలితో నరుకుతుంది. రాష్ట్రమంతా జేజేలు పలికింది. ఒక ఆడమనిషి చేసిన ఆ తిరుగుబాటును మేము తక్కువ చేయడం లేదు. అదే సంవత్సరం జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగ స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. ఝాన్సీ గొడ్డలికి చప్పట్లు కొట్టిన చేతులు ఆ ఆడవాళ్ళ చేతుల్లో గొడ్డలి కనబడితే ఏం చేసి ఉండేవి? చప్పట్లు కొట్టేవా, పోలీసులకు ఫోను చేసేవా? జవాబు పాఠకులకు తెలుసు.

2. ఊచకోత అంటే ఏంటి?

దళితుల మీద దాడి జరిగిన ప్రతిసారీ పేపర్లు 'ఇరువర్గాల ఘర్షణ' అని రాస్తాయి. కొంచెం మంచివాళ్ళయితే 'కుల ఉన్మాదం' అంటారు. ఉన్మాదం అంటే పిచ్చి. పిచ్చివాడు లెక్క చూసుకుని, మనుషుల్ని పోగుచేసుకుని, తెల్లవారాక రాడు. కారంచేడు, చుండూరుల్లో జరిగింది పిచ్చి కాదు, పగ. నిజ జీవితంలో పగ తీర్చుకునే అలవాటున్న కులాలేవో చూడాలంటే ఈ రెండు ఊళ్ళ పేర్లు చాలు.

కారంచేడులో ఏం జరిగింది? మాదిగలు తాగే చెరువు నీళ్ళను గేదెల కుడితి బకెట్లు కడిగి పాడుచేస్తుంటే ఒక యువకుడు అడ్డుచెప్పాడు. అతని మీద చెర్నాకోల లేచింది. నీళ్ళకొచ్చిన ఒక మాదిగ ఆడమనిషి తన చేతిలోని బిందె ఎత్తింది. అంతే. మర్నాడు, 1985 జూలై 17న, కమ్మ భూస్వాములు గుంపులుగా మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఎత్తిన బిందెకు ఆరు ప్రాణాలు లెక్క.

చుండూరులో మొదలయింది సాక్షాత్తూ సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో కూర్చున్న రెడ్డి కుర్రాడికి తగిలింది. ఆ తగిలిన కాలు కొట్లాటై, సాంఘిక బహిష్కారమై, చివరికి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల చావయింది. పొలాల్లో వెంటాడి నరికి, శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. తెర మీద పగ కథ చూడటానికి మన పిల్లవాడు టిక్కెట్టు కొనుక్కుని పోయాడు. అసలు పగ కథ కుర్చీల వరసల్లో మొదలయింది.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ రెండు చోట్లా దళితులు చంపినవాళ్ళు కాదు, తిట్టినవాళ్ళు కూడా కాదు. ఒకచోట తలెత్తారు, ఒకచోట పక్కన కూర్చున్నారు. సమానంగా మసలడమే అగ్రకులానికి నేరంగా తోచింది, దానికి పగ తీర్చుకుంది. మామూలు పగ జరిగిన గాయానికి బదులు. కులం పగ మాత్రం జరగని గాయానికి బదులు.

3. రచయితలు దాటవేసిన చోటు

మరి మన కోపం సాహిత్యంలో ఎట్లా వచ్చింది? ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'నే తీసుకుందాం. 1922 నాటి నవల. మాల రామదాసు కొడుకు సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు చనిపోతాడు. అన్న వెంకటదాసు తిరగబడి దండు కట్టి ఉన్నవాళ్ళని దోస్తాడు. తండ్రి రామదాసు మాత్రం వేదాంతి, ఓర్పు మూర్తి. నవల హృదయం ఎవరి వైపుందో చెప్పనక్కరలేదు. వెంకటదాసును రచయిత అసహ్యించుకోలేదు, అది ఆయన గొప్పతనం. కానీ అతని కోపాన్ని చివరిదాకా నమ్మలేదు కూడా. దళితుడి నోట క్షమ పలికితే సవర్ణ పాఠకుడికి నిద్ర పడుతుంది.

తమిళంలో ఇంకా విచిత్రం. 1968 డిసెంబర్ 25న కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి తగలబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. అన్ని కార్లూ భూములూ ఉన్న ఆసాములు తామే స్వయంగా వచ్చి నిప్పుపెట్టారంటే నమ్మలేమన్న ధోరణిలో హైకోర్టు నిందితుల్ని వదిలేసింది. ఈ ఘటన మీద ఇందిరా పార్థసారథి రాసిన 'కురుదిప్పునల్' నవలకు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందులో భూస్వామి క్రౌర్యానికి మూలం అతని మగతనంలోని లోపం. అంటే 44 మంది కాలిపోయింది కూలి గింజల కోసం కాదు, కులం కోసం కాదు, ఒక మనిషి మనోవ్యాధి వల్ల! పగకు వర్గమూ కులమూ ఉన్నాయని చెప్పాల్సిన చోట మానసిక శాస్త్రాన్ని అడ్డం పెట్టడమంటే ఇదే.

దీనికి భిన్నంగా నడిచింది పూమణి 'వెక్కై' (1982). అన్నను చంపించిన భూస్వామిని పదిహేనేళ్ళ పిల్లవాడు నరికి, తండ్రితో కలిసి అడవులు పట్టుకు తిరుగుతాడు. ఇక్కడ హత్య మొదట్లోనే అయిపోతుంది. చంపాడా లేదా అన్న ఉత్కంఠ లేదు. చంపాక ఎట్లా బతకాలి, ఏం తినాలి, ఎక్కడ దాక్కోవాలి అన్నదే కథ. పగకు ఇల్లూ బంధువులూ ఖర్చూ ఉంటాయని చెప్పిన నవల ఇది.

ఈ నవలనే వెట్రిమారన్ 2019లో 'అసురన్'గా తీశాడు. నవలలో లేని పంచమి భూముల సంగతి, చెప్పుల అవమానం, గుడిసెల దహనం తెచ్చి చేర్చాడు. కొడుకును విడిపించుకోవడానికి తండ్రి ఊళ్ళోని ప్రతి మగాడి కాళ్ళ మీదా పడే దృశ్యం చూసి కళ్ళు తడవనివాళ్ళు ఉండరు. మా అభ్యంతరమల్లా ఒకటే. ఝాన్సీ గొడ్డలికి ఒక్క అవమానం చాలింది. రెడ్డిగారబ్బాయి కత్తికి ఒక ఫ్లాష్‌బ్యాక్ చాలింది. మన శివసామి కత్తి పట్టాలంటే మాత్రం పొలం పోవాలి, గుడిసె తగలబడాలి, పెద్దకొడుకు తల లేని మొండెమై దొరకాలి, ఊరందరి కాళ్ళూ పట్టాలి. అప్పుడుగానీ ప్రేక్షకుడి మనసు 'సరే, ఇక కొట్టు' అనదు. దళితుడి కోపానికి ఇన్ని సర్టిఫికెట్లు కావాలా? కుల ధృవీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినట్టు, కోపం ధృవీకరణ కోసం కూడా తిరగాలా?

తెలుగులో అదే కథ 2021లో 'నారప్ప' అయింది. కథ అనంతపురం వైపుకు మారింది. తమిళంలో సూటిగా ఉన్న కులం మాట ఇక్కడ పల్చబడింది. పేదవాడు, ధనవంతుడు అన్న పాత పాట మళ్ళీ వినబడింది. ఎసైన్డ్ భూముల అన్యాక్రాంతం మీద 1977లోనే చట్టం చేసుకున్న రాష్ట్రంలో, ఆ భూముల కథ చెప్పుకోవడానికి మనకు ముడిసరుకు కరువా? తీసిన సంస్థ సురేష్ ప్రొడక్షన్స్. దాన్ని స్థాపించిన రామానాయుడు పుట్టిన ఊరు కారంచేడు. ఒక ఊళ్ళో పుట్టడం నేరమని మేము అనడం లేదు. కానీ తెలుగు సినిమా పెట్టుబడి ఏ నేలలోంచి మొలిచిందో, ఆ నేల మీద పారిన రక్తం సంగతి ఆ సినిమా ఎందుకు చెప్పలేకపోయిందో అడిగే హక్కు మాకుంది. 'పలాస 1978' (2020) లాంటి ఒకటి రెండు సినిమాలు కులాన్ని కులమనే పిలిచాయి. అంతమాత్రానికే అవి వింతగా కనిపించాయంటే మిగతా పరిశ్రమ సంగతేంటి?

4. ఎవరో తీర్చిన పగ

నిజ జీవితంలో కింది కులాల ప్రతీకారం అనగానే అందరూ ఫూలన్‌దేవి పేరెత్తుతారు. మల్లా కులంలో పుట్టిన ఆమె మీద ఠాకూర్లు చేసిన అత్యాచారాలు, 1981 ఫిబ్రవరి 14న బెహ్మాయిలో 20 మంది హత్య, 1983లో లొంగుబాటు, విచారణ లేకుండానే 11 ఏళ్ళ జైలు. శేఖర్ కపూర్ 'బ్యాండిట్ క్వీన్' తీసి 1994లో చూపిస్తే, తన అనుమతి లేకుండా తన అవమానాన్ని తెరకెక్కించారని ఆమే కోర్టుకెక్కింది. లోకం ఆమె చేతిలో తుపాకినే చూడాలనుకుంది. ఆమె మాత్రం 1996లో పార్లమెంటుకు పోయింది. 2001 జూలైలో ఢిల్లీలో ఇంటి ముందే కాల్చి చంపారు. బెహ్మాయికి బదులు తీర్చానని చంపినవాడు చెప్పుకున్నాడు. వాడికి చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకే దేశంలో ఒకరి పగ బందిపోటుతనం, ఇంకొకరి పగ వంశగౌరవం.

ఇంకో రకం ఉంది. కీళ్‌వెణ్మణి కేసులో కోర్టు వదిలేసిన గోపాలకృష్ణ నాయుడు 1980లో హత్యకు గురయ్యాడు. కారంచేడు కేసులో ప్రధాన నిందితుడు చెంచురామయ్యను 1989లో పీపుల్స్‌వార్ చంపింది. అప్పుడు వాడల్లో కొంత ఊరట కలగలేదని అంటే అబద్ధమవుతుంది. కోర్టు చేయని పని ఎవరో చేశారన్న ఊరట అది. ఆ ఊరటను చులకన చేసే హక్కు ఏ అహింసావాదికీ లేదు. అయినా ఒక మాట అనక తప్పదు. ఆ పని మన తరఫున జరిగింది, మన చేత కాదు. ఒక మనిషి పోయాడు, ఊళ్ళో భూమి ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళ చేతుల్లోనే ఉంది. పైగా ముద్దాయి చనిపోతే నేరం రుజువయ్యే అవకాశం కూడా పోతుంది. శిక్ష పడ్డట్టుంటుంది గానీ, వీడు దోషి అని ఊరి ముందు ఎవరూ చదివి వినిపించరు.

5. మనవాళ్ళు చేసిందేంటి?

1927 మార్చిలో మహద్ చెరువు నీళ్ళు తాగి వస్తున్నవాళ్ళ మీద సవర్ణులు దాడి చేస్తే, తిరిగి కొట్టొద్దని అంబేడ్కర్ తనవాళ్ళను ఆపాడు. పిరికితనంతో కాదు. అదే ఏడాది డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టాడు. మనిషి మీద చేయెత్తలేదు, ఆ మనిషి చేతికి కర్ర ఇచ్చిన పుస్తకానికి నిప్పు పెట్టాడు. దీన్ని క్షమ అనలేం. మామూలు పగ అని కూడా అనలేం.

కారంచేడు బాధితులూ అట్లాగే చేశారు. చీరాల వచ్చి శిబిరం వేశారు, ఊరికి తిరిగిపోమన్నారు. అక్కణ్ణుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలబడ్డారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఆ శిబిరం ఒత్తిడి కూడా ఉంది. చుండూరువాళ్ళు చనిపోయినవాళ్ళని ఊరవతల కాదు, ఊరి నడుమ పూడ్చి దాన్ని రక్తక్షేత్రం అన్నారు. నేరం జరిగిన ఊళ్ళోనే కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. నరికినవాడి మొహం మీద వేలుపెట్టి 'వీడే' అని చెప్పిన సాక్షి చేసిన పని ఏ సినిమా క్లైమాక్సుకు తక్కువ?

తర్వాతేమయిందో కూడా చెప్పాలి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు చుండూరు శిక్షలన్నీ కొట్టేసింది. కారంచేడులో సుప్రీంకోర్టు చివరి మాట 2008 డిసెంబర్‌లో, అంటే 23 ఏళ్ళకు వచ్చింది. ఇన్నేళ్ళు చట్టాన్ని నమ్మి నిలబడ్డవాళ్ళకి చట్టం ఇచ్చిందేంటో చూశాక, 'హింస తప్పు' అని వాడలకు పాఠం చెప్పడానికి సిగ్గుండాలి.

'అసురన్' చివర్లో తండ్రి కొడుక్కి చెప్పేది, చదువుకో, దాన్నెవరూ లాక్కోలేరని. చాలామందికి నచ్చిన ముగింపు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాబోటివాళ్ళం దాన్ని కాదనలేం, అట్లాగని పూర్తిగా నమ్మనూలేం. చుండూరు హాల్లో కాలు తగిలింది చదువుకున్నవాడిదే. సస్పెండు చేసి హాస్టల్ నుంచి గెంటేస్తే 2016 జనవరి 17న హైదరాబాదు యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల పీహెచ్‌డీ విద్యార్థి. చదువు కొట్టేవాడి చేతిని ఆపదు. కొట్టినవాడి పేరు రాసిపెట్టడం మాత్రం నేర్పుతుంది.

కాబట్టి దళిత రచయితలకు, సినిమా తీయబోయే మన కుర్రాళ్ళకు మేము చెప్పేది ఇది. అగ్రకుల హీరో చేతిలోని కత్తిని తెచ్చి మన హీరో చేతిలో పెడితే సరిపోదు. ఆ కత్తి వాళ్ళ పొలానికి, వాళ్ళ వంశానికి సరిపడా చేసింది. మన కోపాన్ని సంజాయిషీ లేకుండా రాయండి. క్షమను మన సుగుణంగా చూపించి ఎవర్నీ మెప్పించొద్దు. చంపడం ఒక్కటే బదులన్న సినిమా లెక్కను కూడా ఒప్పుకోవద్దు. శిబిరంలో వండుకున్న గంజి, కోర్టు మెట్ల మీద అరిగిన చెప్పులు, ఊరి నడుమ తవ్విన గోతులు, ఇవన్నీ ఇంకా ఎవరూ సరిగ్గా రాయని కథలు. రాయాల్సింది మనమే.