ఒక్క చిల్లూ పెట్టకుండా

బానెట్ ఎత్తగానే చాలామంది మొహం చిన్నబోతుంది. మాడిఫై చేసిన పాత కారు అంటే మెరిసే పైపులు, ఎర్ర వైర్లు, చేతికి అందేంత పెద్ద ఎయిర్ ఫిల్టరు ఉంటాయని ఆశ. విజయవాడలోని ఈ 1978 ప్రీమియర్ పద్మినిలో అవేవీ కనబడవు. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు మీద కంపెనీ బిగించిన నల్లటి రెగ్యులేటర్ పెట్టె కూడా ఉన్నచోటే ఉంది. దాని మూత తీస్తేనే అసలు సంగతి. లోపల కాయిళ్ళు లేవు, కాంటాక్టులు లేవు. ఇత్తడి టెర్మినళ్ళ మధ్య వంపు తిప్పి, కొసలకు టంకం పెట్టి, పొందిగ్గా పరిచిన లావుపాటి రాగి వైరు మాత్రం ఉంది.

ఆ కాలపు కార్లలో బ్యాటరీని చార్జి చేసేది డైనమో. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని నుంచి కరెంటు దాదాపు రాదు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర రాత్రిపూట ఆగితే హెడ్‌లైట్లు నీరసించిపోతాయి. ఆల్టర్నేటర్ పెడితే ఆ బాధ తీరుతుంది, అందుకే పద్మిని ఉన్నవాళ్ళు చేయించే మొదటి మార్పు ఇదే. సాధారణంగా ఎలా చేస్తారంటే, పాత బ్రాకెట్ కోసేసి కొత్తది వెల్డింగ్ పెట్టి, పాత వైర్లు కత్తిరించి టేపు చుడతారు. ఇక్కడ డైనమో బ్రాకెట్‌నే వాడుకున్నారు. ఆల్టర్నేటర్ చెవులకూ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీలో లేతు మీద తిప్పిన బుష్ కూర్చుంది. బెల్టు మూడు పుల్లీల మీద ఒకే గీతలో నడుస్తోంది. రెగ్యులేటర్ ఆల్టర్నేటర్‌లోనే ఉంటుంది కాబట్టి పాత పెట్టెకు పని లేదు. దాన్ని వైర్లు కలిసే జంక్షన్‌గా మార్చారు. డాష్‌బోర్డు మీది ఎర్ర చార్జింగ్ బల్బును కూడా తీయలేదు. ఆల్టర్నేటర్ మొదట మేలుకోవడానికి కావాల్సిన కాస్త కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. అది మాడిపోతే స్టార్ట్ చేశాక చార్జింగ్ అందుకోకపోవచ్చు. అందుకని గ్లవ్ బాక్సులో ఇంకో బల్బు సిద్ధంగా ఉంటుంది.

ఈ కారు పనితనమంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది. రేకుకు కొత్తగా కోత పడకూడదు, చిల్లు పడకూడదు. కొత్తగా బిగించినదేదైనా బోల్టులు విప్పితే వచ్చేయాలి, దాని వెనక 1978 నాటి కారు అలాగే ఉండాలి. ఇది వింటే పిసినారితనంలా ఉంటుంది గానీ, పాటించడం ఎంత కష్టమో పని చేసిన మేస్త్రీలకే తెలుసు. కోసి అతికించడం సులువు. కొలిచి ఇమిడ్చాలంటే చెయ్యి తిరిగిన మనిషి కావాలి.

కారు పుట్టుక గురించి రెండు మాటలు. ఇటలీలో ఫియట్ 1100 కొత్త రూపంలో వచ్చింది 1953లో. దాని తర్వాతి రూపమైన 1100 డిని బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టింది. డెబ్బైల్లో చిత్తోడు రాణి పేరు పెట్టుకుని పద్మిని అయింది. బోరు 68, స్ట్రోకు 75 మిల్లీమీటర్లు, మొత్తం 1089 సీసీ, సుమారు 40 హార్స్‌పవర్. ఈ ఇంజిన్‌నే సానబెట్టి మద్రాసు పక్కన షోలవరం రన్‌వే మీద రేసులు నడిపినవాళ్ళున్నారు. మన దేశంలో ఫియట్‌ను మాడిఫై చేయడమనే విద్యకు అదొక బడి. ఇప్పుడైతే చాలామంది ఆ ఇంజిన్‌నే తీసేసి, 1985లో వచ్చిన ప్రీమియర్ 118 ఎన్ఈలోని 1171 సీసీ నిస్సాన్ ఇంజిన్ వేసేస్తుంటారు. పరుగు బాగుంటుంది, కాదనను. కానీ ఆ తర్వాత అది బయటికి పద్మిని, లోపల ఇంకొకటి. ఈ కారు యజమాని ఆ దారి పట్టలేదు. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉన్నదే.

నేను ఎక్కువసేపు చూసింది ముందు బ్రేకుల్ని. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే వచ్చేవి. నాలుగింటికీ ఒకే ఆయిలు దారి. ఎక్కడ లీకైనా పెడల్ నేలను తాకుతుంది. వానాకాలంలో నీళ్ళు దూరితే ఒక చక్రం ముందు పట్టుకుని, ఇంకోటి తర్వాత పట్టుకుని, కారు పక్కకు లాగేస్తుంది. హైవే మీద ఇప్పటి కార్ల వెనక నడపాలంటే ముందు డిస్కులు ఉండటం సోకు కాదు, అవసరం. వేరే కారు నుంచి తెచ్చిన డిస్కూ కాలిపరూ ఈ స్టబ్ యాక్సిల్ మీద ఎలా కూర్చుంటాయన్నదే ప్రశ్న.

ఆటోనగర్‌లో ఈ పని తెలిసిన లేతు మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. "వెల్డింగ్ పెడితే గంటలో పని సార్. పెట్టను" అన్నాడు. ఎందుకు పెట్టడో కూడా చెప్పాడు. స్టబ్ యాక్సిల్ దెబ్బలు కొట్టి మలిచి, వేడి పెట్టి చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు. దాని మీద వెల్డింగ్ మంట తగిలితే ఆ చుట్టుపక్కల గుణం మారిపోతుంది. పైకి ఏమీ తెలియదు. ఏళ్ళ తర్వాత ఏదో గుంతలో పడినప్పుడు అక్కడే విరుగుతుంది. కాబట్టి ఆయన దళసరి ఉక్కు ప్లేటు ఒకటి తయారు చేశాడు. డ్రమ్ము వెనక రేకును పట్టుకునే పాత బోల్టు రంధ్రాలకే అది బిగుస్తుంది, ఇంకోవైపు కాలిపర్ దానికి బిగుస్తుంది. ప్లేటు అంచులన్నీ కాస్త వాలుగా అరగదీసి ఉన్నాయి. పదునైన మూల ఉంటే పగులు అక్కడినుంచే మొదలవుతుందట. రంధ్రాల నోళ్ళు కూడా అలాగే సవరించాడు. టైరు బిగించాక ఇవేవీ ఎవరికీ కనబడవు. కాలిపర్ డిస్కుకు నడిమధ్యన నిలవడానికి ఎక్కడా వాషర్లు దోపలేదు, ప్లేటు మందమే లెక్క ప్రకారం తీశాడు. నాకు ఆ వాషర్లు లేకపోవడమే ఈ పని మొత్తంలో గొప్ప విషయం అనిపించింది. మన దగ్గర ఏ అమరికలోనైనా ఒకటో రెండో వాషర్లు దోపి సర్దేయడం అలవాటు కదా.

డిస్కు పెట్టడంతో అయిపోదు, అసలు తిప్పలు మాస్టర్ సిలిండర్‌లో ఉంటాయి. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో పెడల్ వదిలేసినా పైపుల్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే చెక్ వాల్వు ఉంటుంది. డ్రమ్ముకు అది మంచిదే. డిస్కుకు అదే ఒత్తిడి వెళితే ప్యాడ్లు డిస్కును వదలవు. కారు రాసుకుంటూ నడుస్తుంది, చక్రం కాలిపోతుంది. "డిస్కులు పెట్టించాక మైలేజీ పడిపోయింది" అని వాపోయేవాళ్ళలో కొందరి రోగం ఇదే. ఈ కారుకు ముందుకొకటి, వెనక్కొకటి రెండు దారులున్న మాస్టర్ సిలిండర్ వేశారు. ముందు దారిలో ఆ వాల్వు లేదు, వెనక డ్రమ్ముల దారిలో ఉంది. ఒక దారి లీకైనా రెండోది ఆపుతుంది. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కి చూస్తూ, వెనక చక్రాలు ముందుగా బిగుసుకోకుండా సర్దారు. వెనకవి ముందు బిగిస్తే కారు గిర్రున తిరుగుతుంది మరి. తీసేసిన డ్రమ్ములు, రేకులు, సిలిండర్లు గ్రీజు పూసి కాగితంలో చుట్టి, పేర్లు రాసి అటక మీద పెట్టారు.

గేరు సంగతి వేరు. పద్మినికి గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. చివరి రోజుల్లో కంపెనీయే నిస్సాన్ గేర్‌బాక్సుతో ఫ్లోర్ గేరు ఇచ్చింది కాబట్టి, పాత కార్లకూ అది వేయించుకోవడం మామూలైపోయింది. దానికి నేల రేకు కోయాలి. ఈ యజమాని ఒప్పుకోలేదు. స్టీరింగు గేరుకు ఉన్న చెడ్డపేరుకు కారణం ఆ ఏర్పాటు కాదు, అరిగిపోయిన బుష్‌లు. కర్ర నుంచి గేర్‌బాక్సు దాకా కడ్డీలు, కీళ్ళు ఉంటాయి. ఒక్కో కీలు దగ్గర అర మిల్లీమీటరు వదులైనా, అన్నీ కలిసి చేతి దగ్గరికి వచ్చేసరికి కర్ర జానెడు ఊగుతుంది. రెండో గేరు వెతుక్కోవాల్సి వస్తుంది. అన్ని కీళ్ళకూ గన్‌మెటల్ బుష్‌లు తిప్పించారు. పిన్నులు కూడా అరిగినవే గనక వాటినీ కొత్తగా చేయించి, ఒక్కో బుష్‌ను దాని పిన్నుకు సరిపడా రీమర్ వేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు రెండు వేళ్ళతో మూడు నుంచి రెండుకు దించవచ్చు. ఫ్లోర్ గేరు వేయించడానికి అయ్యే ఖర్చులో ఇది ఓ మూల.

బాడీ పని ఆటోనగర్‌లోనే ఇంకో షెడ్డులో జరిగింది. పద్మినికి తుప్పు పట్టేది తలుపుల కింద ఫుట్‌బోర్డు దగ్గర, నేల రేకులో, చక్రాల గూళ్ళ అంచుల్లో, డిక్కీ అడుగున. తుప్పు తిన్నచోట కోయక తప్పదు. అది మరమ్మతు కింద లెక్క, మార్పు కింద కాదని యజమాని వాదన. నాకూ ఒప్పుదలే. పాత కారు కొనేవాళ్ళు గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసుకెళ్ళడం మంచిది. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం దట్టించినచోట జారిపోతుంది. ఈ కారు ఫుట్‌బోర్డు పొడుగునా అయస్కాంతం ఎక్కడా జారలేదు. అంటే తుప్పు రేకు తీసేసి, అదే వంపులో కొత్త రేకు మలిచి అతికారు, లప్పం కాగితమంత పలచగానే పడింది. సాగిన రేకును మళ్ళీ బిగించే పద్ధతి చూడాలి. సొట్ట తీసేటప్పుడు సుత్తి దెబ్బలకు రేకు సాగి డబడబలాడుతుంది. టింకరు దాన్ని చిన్న చుక్కంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ నెమ్మదిగా కొట్టి, తడిగుడ్డతో టక్కున చల్లారుస్తాడు. రేకు ముడుచుకుని బిగుస్తుంది. ఒక చుక్క ఎక్కువ కాల్చితే అవతలి పక్క లాగేస్తుంది. ఎడమ వెనక తలుపు మీద ఇలాంటి చుక్కలు చాలానే పడ్డాయట. రంగు మీద ట్యూబ్‌లైటు నీడ పడేలా నిలబడి చూసినా గీత ఎక్కడా వంకర పోలేదు.

రోజువారీ సాకడం మాటకొస్తే, ఇప్పుడు ఈ కారుకు పెద్ద పరీక్ష పెట్రోలే. 2000 ఫిబ్రవరిలో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడు పాత ఇంజిన్ల వాల్వు సీట్ల గురించి కంగారు పడ్డారు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు. ఎథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పద్మిని పెట్రోలు పంపులోని డయాఫ్రమ్, హోసులు, కార్బొరేటర్ వాషర్లు దాన్ని తట్టుకోవడానికి చేసినవి కావు. అన్నీ ఎథనాల్‌కు తట్టుకునే రబ్బరుతో మార్చారు. ఎథనాల్‌లో వేడినిచ్చే శక్తి తక్కువ, పైగా మిశ్రమం పలచబడుతుంది. అందుకని సోలెక్స్ కార్బొరేటర్‌లో మెయిన్ జెట్ ఒక సైజు పెంచారు. పాత జెట్‌ను డ్రిల్లుతో పెద్దది చేయకుండా, నంబరున్న జెట్ వేరేది కొన్నారు. పాతది చిన్న డబ్బీలో ఉంది. కారు కొన్నాళ్ళు కదలదనుకుంటే పెట్రోలు గొట్టం తీసి, ఫ్లోట్‌లోది అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడుపుతారు. లేకపోతే అడుగున తెల్లటి పొడి పేరుకుని జెట్లు మూసుకుపోతాయి. డిస్ట్రిబ్యూటర్‌లో ప్లాటినం పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ యూనిట్ ఉంది, కానీ సెట్ చేసిన పాయింట్లు, కండెన్సర్ డిక్కీలో ఉన్నాయి. చీకట్లో సూర్యాపేట దాటాక ఆ యూనిట్ చచ్చిపోతే, స్క్రూడ్రైవర్‌తో పాత పద్ధతికి వచ్చేయవచ్చు. కింగ్‌పిన్ నిపుళ్ళకు గ్రీజు కొట్టడం మాత్రం యజమాని ఎవరికీ వదలరు. పాత గ్రీజు నల్లగా బయటికి తోసుకొచ్చి, కొత్తది తేటగా కనబడేదాకా కొడతారు.

సామాన్ల బాధ రోజురోజుకూ పెరుగుతోంది. ముంబైలో నలుపు పసుపు పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి. అవి తిరిగినన్నాళ్ళూ వాటికోసమైనా విడిభాగాలు తయారయ్యేవి. ఇక చట్టం సంగతి. ఆర్సీ పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి, ఫిట్‌నెస్ చూపించాలి. ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉన్నవాటికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నియమాలు 2021లో వచ్చాయి. ఈ కారుకు 2028లో ఆ వయసు వస్తుంది. విప్పితే వచ్చేసే పని కాబట్టి దారి తెరిచే ఉంది. అయినా యజమాని ఆ కాగితం వద్దంటారు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని ప్రదర్శనకో ర్యాలీకో తప్ప రోజూ నడపడానికి వీల్లేదు. ఆయనేమో దీనిలోనే ఆఫీసుకు వెళతారు, రైతుబజారుకూ వెళతారు.

నాకు నచ్చనిదీ ఒకటుంది. స్టీరింగు చక్రం. పాత పెద్ద చక్రం తీసి, రేసు కార్లకుండే చిన్నది బిగించారు. టైర్లు కూడా రేడియల్‌వే, మొదట వచ్చినవాటికన్నా నేలను గట్టిగా పట్టుకుంటాయి. ఈ రెండూ కలిసి, నిలబడిన కారును తిప్పాలంటే భుజాలు లాగేస్తున్నాయి. పార్కింగులో కష్టం, పైగా ఆ డాష్‌బోర్డు ముందు అది అతకలేదు. ఇంత జాగ్రత్తపరులు ఇదెలా పెట్టారని అడిగితే, "మా అబ్బాయి కొన్నాడండీ, మొదటి జీతంతో" అన్నారు. పాత చక్రం అటక మీద లేదు. దాని హారన్ రింగుకు క్రోమ్ పూత వేయించడానికి ఇచ్చారట. రెండుసార్లు ఫోన్ చేసినా ఇంకా వారం అంటున్నారట.