సముద్రపు ఇసుక: ఒక ఉచిత సలహాపై విమర్శ

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే వారికి తరచుగా అందే సలహా ఒకటుంది: బీచ్‌కి వెళ్ళి ఇసుక తెచ్చుకోమని. అది సహజమైనదట, పైగా ఖర్చు లేనిదట. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలో చదువుకునే విద్యార్థికి ఈ మాట మరీ నచ్చుతుంది. అదే దీవిలో వండూర్ తీరం ఉంది మరి! అయితే ఈ సలహా ఎంతవరకు శాస్త్రీయం?

ముందు అందులోని నిజాన్ని ఒప్పుకుందాం. ఇసుకలన్నీ ఒకటి కావు. విశాఖ తీరపు ఇసుకలో ఎక్కువగా క్వార్ట్జ్, దానితోపాటు గార్నెట్, ఇల్మనైట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. పగడపు దిబ్బల పక్కనున్న తెల్లని ఇసుకలో పగడాలు, గవ్వలు, ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లల ముక్కలు ఎక్కువ. అంటే కాల్షియం కార్బొనేట్. చిటికెడు ఇసుకపై వెనిగర్ చుక్క వేసి చూడండి. కార్బొనేట్ అయితే బుడగలు వస్తాయి. క్వార్ట్జ్ అయితే రావు.

ఈ కార్బొనేట్ నీటి పి.హెచ్.ను కాపాడుతుందంటారు. ఇది సగం నిజం. ఉష్ణమండల సముద్రపు ఉపరితల జలం పి.హెచ్. సుమారు 8.1. ఆ నీటిలో కార్బొనేట్ అప్పటికే సంతృప్త స్థాయిని మించి ఉంటుంది కనుక ఇసుక కరగదు. తొట్టిలో పి.హెచ్. బాగా పడిపోయాకే అది కరగడం మొదలవుతుంది. అంటే ఈ సహాయం ఆలస్యంగా వస్తుంది.

రెండో వాదన బాక్టీరియా గురించి. ఇసుకలోని బాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తాయి. నిజమే. కానీ ఆ ఇసుకను మంచినీటితో కడిగితే అందులోని జీవులు చాలావరకు చనిపోతాయి. కడగకుండా సంచిలో మోసుకొస్తే పురుగులు, చిన్న నత్తలు ఊపిరాడక చచ్చి, కుళ్ళి, తొట్టిలోకి అమ్మోనియానే వదులుతాయి. కడిగితే సజీవం కాదు, కడగకపోతే శుభ్రం కాదు. సలహా మాత్రం రెండింటినీ ఒకేసారి వాగ్దానం చేస్తుంది!

ఇక ఖర్చు మాట. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 5 సెం.మీ. మందాన పరచడానికి 9 లీటర్ల ఇసుక కావాలి. ఒక్క బకెట్‌తో తీరం తరిగిపోదు. కానీ ఇది గోదావరి లాంటి నది ఇసుక తెచ్చిపోసే తీరం కాదు. ఇక్కడి తెల్ల ఇసుకను తయారుచేసేవి పగడపు దిబ్బల జీవులే. ప్యారట్‌ఫిష్ అనే చేపలు పగడాలను కొరికి, నూరి, ఇసుకగా విసర్జిస్తాయి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. అంటే ఇసుక తయారయ్యే చోటే దెబ్బతింది.

చట్టమూ దీన్ని గుర్తించింది. ద్వీప తీరాల ఇసుకను, పగడాలను నిర్మాణాలకే కాదు, ఇతర అవసరాలకూ వాడరాదని 1991 నాటి తీర నియంత్రణ ప్రకటన చెప్పింది. అండమాన్‌లో ఇసుక తవ్వకాన్ని ఏటా కనీసం 20 శాతం చొప్పున తగ్గించాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వండూర్ దగ్గరి సముద్రం 1983 నుంచి జాతీయ పార్కు. పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. బకెట్‌లో పగడపు ముక్క పడితే అదీ నేరమే.

మరి అక్వేరియం వద్దా? కావాలి. అయితే అడుగున ఇసుక లేకుండానే దాన్ని నడపవచ్చు. బాక్టీరియా స్పాంజి ఫిల్టరు మీద కూడా పెరుగుతాయి. వాటికి కొన్ని వారాల వ్యవధి ఇవ్వాలి, అంతే. ఇసుకను చూడాలనుకుంటే భూతద్దం తీసుకుని తీరానికే వెళ్ళండి. చూశాక అక్కడే వదిలి రండి.