వరుసను యంత్రం రాయగలదా? ధ్వనిముద్రణ నుండి స్వరలిపికి సాఫ్ట్‌వేర్ - ఒక విమర్శ

తెలుగు పరిశోధనలో పాట చాలాకాలంగా సాహిత్యంగానే చెలామణి అవుతున్నది. జానపదగేయ సంకలనాల్లో అత్యధికం పల్లవిని, చరణాలను, వీలైతే పాడినవారి ఊరిని నమోదు చేసి వరుసను వదిలివేశాయి. దీనిని ఉదాసీనతగా భావించనవసరం లేదు. విన్న వరుసను కాగితం మీద పెట్టగల స్వరజ్ఞానం సాహిత్య విద్యార్థులకు అందుబాటులో లేకపోవడమే అసలు కారణం. సెల్‌ఫోనుతోనే ధ్వనిముద్రణ సాధ్యమైన నేటి కాలంలో ఆ లోటును ఏదో ఒక సాఫ్ట్‌వేర్ తీరుస్తుందన్న ఆశ సహజమే. అయితే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగే ముందు, దానిని ఏమి రాయమంటున్నామో తేల్చుకోవలసి ఉంది.

వరుస నమోదు కాకపోతే కలిగే నష్టానికి తాళ్లపాక రాగిరేకులే సాక్ష్యం. వాటిలో సంకీర్తనల సాహిత్యం, రాగనామం ఉన్నాయి, స్వరలిపి లేదు. నేడు వినిపిస్తున్న అన్నమాచార్య సంకీర్తనల బాణీల్లో అధికభాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, బాలాంత్రపు రజనీకాంతరావు, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కూర్చినవి. అవి గొప్ప బాణీలే, కాని అన్నమయ్య పాడిన వరుసలు కావు. లేఖనం లేకపోవడం వల్ల కలిగే నష్టం ఇలాంటిది. తప్పు లేఖనం వల్ల కలిగే నష్టం దీనికి భిన్నమైనది. అక్కడ ఖాళీ ఉన్నదన్న సంగతి కూడా తెలియకుండా పోతుంది.

ధ్వనిముద్రణను నేరుగా లిపిగా మారుస్తామనే సాఫ్ట్‌వేర్‌లలో ఆంథెమ్‌స్కోర్ పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌ను ఇస్తుంది. స్పాటిఫై సంస్థ 2022లో ఉచితంగా విడుదల చేసిన బేసిక్ పిచ్ మిడి ఫైలును ఇస్తుంది. పియానో వాద్యాన్ని వినిపిస్తే ఇవి మెచ్చదగిన ఫలితాలనే ఇస్తాయి. పియానోలో ఒక మెట్టుకూ మరో మెట్టుకూ నడుమ నాదం ఉండదు. ఒక స్థాయిని 1200 సెంట్లుగా భావిస్తే, నూరేసి సెంట్ల దూరంలో పన్నెండు మెట్లు ఉంటాయి. విన్న నాదాన్ని సమీపంలోని మెట్టుకు చేర్చడమే అక్కడ లేఖనం. కర్ణాటక సంగీతంలో మాత్రం రాగ స్వరూపం చాలావరకు ఆ మెట్ల నడుమనే ఉంటుంది.

తోడి రాగాన్నే తీసుకోవచ్చు. శాస్త్రప్రకారం అందులోనిది సాధారణ గాంధారం. సుమారు 300 సెంట్ల స్థానం. గాయకుడు ఆ స్థానంలో నిలిచేది అరుదు. రిషభం నుండి మధ్యమం వైపు, తిరిగి రిషభం వైపు సాగే ఊగులోనే గాంధారం వినిపిస్తుంది. గురుముఖంగా నేర్చినవారు ఆ ఊగును విని ‘గ’ అని ఒకే అక్షరం రాస్తారు. యంత్రం ‘రి మ రి మ’ అని రాస్తుంది. ఒక విధంగా యంత్రం అబద్ధమాడలేదు, ధ్వనిలో ఉన్నదే రాసింది. కాని ఆ లిపిని చూసి పాడినవారి నోట తోడి పలకదు. స్వరం అంటే పౌనఃపున్యం కాదు. ఒక సంప్రదాయం ఆ ధ్వనికి పెట్టుకున్న పేరు. ఆ పేరు ధ్వనిముద్రణలో ఉండదు, వినేవారి శిక్షణలో ఉంటుంది.

ఈ చిక్కును కంప్యూటరుకు ఎంతో ముందే ఎదుర్కొన్నవారు సుబ్బరామ దీక్షితులు. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో వెలువడిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఆయన స్వరాక్షరాలతో తృప్తిపడలేదు. కంపితం, స్ఫురితం, ప్రత్యాహతం, నొక్కు, జారు వంటి గమకాలకు విడివిడిగా చిహ్నాలు ఏర్పరచి స్వరాలపై అచ్చు వేయించారు. అక్షరం స్వరాన్ని చెబుతుంది, చిహ్నం దాని నడకను చెబుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఈ రెంటినీ కలిపి ఒకే వరుసలో పరుస్తున్నది. నూరేళ్ల క్రితపు అచ్చుపుస్తకం చూపిన వివేకం ఈ విషయంలో నేటి యంత్రానికి లేదనడం అతిశయోక్తి కాదు.

అమెరికన్ సంగీతవేత్త చార్లెస్ సీగర్ 1958లో లిపులను రెండుగా విభజించాడు. ఎలా పాడాలో చెప్పేది ఒకటి, ఎలా పాడారో చెప్పేది మరొకటి. మన వర్ణాల పుస్తకాలు మొదటి కోవకు చెందినవి. గురువు దగ్గర నేర్చినదానికి జ్ఞాపకపు కొసలు మాత్రమే. రెండవ పనికి సీగర్ మెలోగ్రాఫ్ అనే యంత్రంతో నాదపు రేఖను గీయించాడు. పరిశోధకుడికి కావలసినది ఈ రేఖ. దీనికి తగిన ఉపకరణాలు ఉచితంగానే ఉన్నాయి. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో రూపొందిన టోనీ, సోనిక్ విజువలైజర్ వాటిలో ముఖ్యమైనవి. భాషాశాస్త్ర విద్యార్థులకు ఉచ్చారణ విశ్లేషణలో పరిచయమున్న ప్రాట్ కూడా ఈ పనికి వస్తుంది. సెకనులో నూరోవంతు వంటి స్వల్ప వ్యవధికొకసారి నాదాన్ని కొలిచి రేఖ గీస్తుంది, దానికి స్వరనామం తగిలించదు. ఆ సంయమనమే దాని సుగుణం.

కచేరీ ధ్వనిముద్రణలకు ఇవి నేరుగా సరిపోవు. తంబుర నిరంతరం మోగుతుంది, వయొలిన్ గాత్రాన్ని నీడలా అనుసరిస్తుంది. ఏ రేఖ ఎవరిదో యంత్రం పొరబడుతుంది. బార్సిలోనాలోని పోంపెయూ ఫాబ్రా విశ్వవిద్యాలయం 2011లో మొదలుపెట్టిన కాంప్‌మ్యూజిక్ పరిశోధన కర్ణాటక సంగీతాన్ని కూడా తన పరిధిలోకి తీసుకున్నది. ఆధారశ్రుతిని గుర్తించడాన్ని అక్కడ ఒక ప్రత్యేక సమస్యగా పరిగణించారు. సాధారణ సాఫ్ట్‌వేర్‌లు ఈ మెట్టునే విస్మరిస్తాయి. ఒకటిన్నర శ్రుతిలో పురుషుడు, ఐదున్నరలో స్త్రీ పాడిన ఒకే మోహన రాగ కీర్తన స్టాఫ్ మీద రెండు వేర్వేరు పాటలుగా కనిపిస్తుంది. పాత గ్రామఫోను రికార్డుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తొలినాళ్లలో వాటి వేగం ఏకరీతిగా ఉండేది కాదు. వేగం మారితే శ్రుతి మారుతుంది, కాలప్రమాణమూ మారుతుంది.

జానపదగేయం దగ్గరకు వస్తే చిక్కు మరో రూపం ధరిస్తుంది. దంపుళ్ల పాటకు తంబుర ఉండదు. పాడుతున్నకొద్దీ శ్రుతి మెల్లగా జరుగుతుంది, తాళాన్ని రోకటిపోటు నిర్ణయిస్తుంది. యంత్రం ఆ జరుగుబాటును కొత్త స్వరాలుగా లెక్కిస్తుంది. అంతకన్న ముఖ్యంగా, మొదటి చరణంలోని వరుస మూడో చరణంలో కచ్చితంగా అలాగే ఉండదు. పదాల మాత్రలు పెరిగితే వరుస సాగుతుంది. సాగినది పాట స్వభావమా, ఆనాటి సందర్భమా అన్నది రేఖ చెప్పదు. దానికి గాయనినే మళ్లీ అడగాలి, రెండు విధాలా పాడి వినిపించి ఏది తన పాటో చెప్పమనాలి. సిద్ధాంత గ్రంథం అనుబంధంలో స్వరలిపి చేర్చేవారు మూల ధ్వనిముద్రణను భద్రపరచడం, ఆధారశ్రుతిని పేర్కొనడం, ఏ స్వరం యంత్రం ఇచ్చినదో ఏది తమ నిర్ణయమో వేరుచేసి చూపడం కనీస నియమాలు కావాలి. అప్పుడు మరొకరు అదే రేఖను చూసి వేరొక స్వరం రాసే వీలు మిగులుతుంది.