తెలుగు దారిలో రెండు భాషలు

చైనీస్ కష్టమా, ఉక్రేనియన్ కష్టమా అని అడిగితే చాలామంది ఒక లెక్క తీసి చూపిస్తారు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వేసిన లెక్క అది. ఉక్రేనియన్‌కు 1100 గంటల క్లాసులు, చైనీస్‌కు 2200. అదే పట్టికలో తెలుగు కూడా ఉంది. ఉక్రేనియన్ పక్కనే, 1100 గంటల వరసలో. ఉగ్గుపాలతో వచ్చిన మన భాషకే పదకొండొందల గంటలు కట్టినవాళ్ల కొలత అది. ఇంగ్లీషు ఇంటిభాష అయినవాళ్లకు అది సరిపోతుందేమో కానీ, మనకు ఎందుకు సరిపోవాలి?

అయినా మనం ఆ గుమ్మంలోంచే లోపలికి వెళ్తాం. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, యాప్ ఇంగ్లీషులో ఉంటుంది. వైద్యం చదవడానికి చైనాకో ఉక్రెయిన్‌కో వెళ్లిన మన పిల్లల్లో ఎక్కువమందిదీ ఇదే కథ: పాఠం ఇంగ్లీషులో, వార్డులో రోగి మాత్రం తన భాషలో. కొంతకాలంగా నేను ఈ రెండు భాషలనూ ఒకే బల్ల మీద పెట్టుకుని కుస్తీ పడుతున్నాను. పెట్టుకున్న నియమం ఒక్కటే. నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరం రాయకూడదు. అర్థమూ తెలుగులోనే, ఉచ్చారణా తెలుగులోనే.

చైనీస్‌ను రోమన్ లిపిలో రాసే పద్ధతి పేరు పిన్‌యిన్. చైనా దాన్ని 1958లో ఆమోదించింది. అందులో ‘బి’ కనిపించగానే మనం ‘బ’ అనేస్తాం. నిజానికి అది ‘ప’. ‘పి’ అని రాసినదేమో ఒత్తు ఫ. సినిమా ఫ్యాన్‌లోని ఫ కాదు, ‘ఫలము’ అని పంతులుగారు పెదాలు విడదీసి పలికించే ఫ. క-ఖ, త-థ, చ-ఛ జంటలదీ అదే వరస. ఈ లెక్కన బీజింగ్ అసలు పలుకు ‘పెయ్‌చింగ్’కు దగ్గర. తెలుగు మాట్లాడేటప్పుడు మనం సగం ఒత్తులు మింగేస్తాం, అది వేరే సంగతి. కానీ వర్ణమాలలో వాటికి గది ఉంది కాబట్టి చెవికి తేడా తెలుస్తుంది. ఇంకా తమాషా ఏమిటంటే చాప, చుక్క అనేటప్పుడు పళ్ల వెనకనుంచి వచ్చే చ. పాత నిఘంటువులు దాన్ని ‘ౘ’ అని గుర్తు పెట్టి మరీ వేరుచేశాయి. పిన్‌యిన్‌లో జెడ్ అక్షరంతో రాసేది సరిగ్గా ఆ ధ్వనే. ఉక్రేనియన్‌లో పంచదారను ‘ౘుకోర్’ అంటారు, ఇదీ అదే.

ఉక్రేనియన్లకు ఒక అక్షరముంది. రష్యన్లు దాన్ని ‘గ’ అని చదువుతారు, వీళ్లు ‘హ’ అంటారు. ఇంగ్లీషువాడు ఊపిరి వదిలినట్టు పలికే హ కాదు, గొంతు మోగుతూ వచ్చే మన హ. మన పత్రికల్లో ఒకే ఊరు ఒకరోజు లుగాన్స్క్, మరోరోజు లుహాన్స్క్ కావడానికి కారణం ఇదే. అసలైన ‘గ’ కోసం ఉక్రేనియన్‌లో చిన్న కొక్కెం ఉన్న వేరే అక్షరం ఉంది. 1933లో సోవియట్ పాలకులు దాన్ని వర్ణమాలలోంచి తీసేశారు. తమ భాషను రష్యన్‌కు దగ్గరగా జరిపేందుకే ఆ పని చేశారని ఉక్రేనియన్లు అంటారు. అది తిరిగి చోటు దక్కించుకున్నది 1990లో. అంతకుముందు 1876లో జార్ రెండో అలెగ్జాండర్ ఎమ్స్ పట్టణం నుంచి జారీచేసిన ఆజ్ఞ, ఉక్రేనియన్‌లో పుస్తకాల అచ్చునే దాదాపు ఆపేసింది. అందుకే ఆ కొక్కెం గీసేటప్పుడు కాస్త శ్రద్ధగా గీస్తాను.

వ్యాకరణానికి వస్తే, ఉక్రేనియన్‌కు ఏడు విభక్తులు. ఇంగ్లీషు పుస్తకం ఈ మాట చెప్పేముందు ఒక పేజీ ధైర్యం చెబుతుంది. విభక్తులు వల్లెవేసి పెరిగినవాళ్లకు ఆ ఓదార్పు అక్కర్లేదు. సంబోధన కూడా ఉంది. ఒక్సానాను పిలిస్తే ‘ఒక్సానో’, ఇవాన్‌ను పిలిస్తే ‘ఇవానే’. రష్యన్‌లో ఇది చాలావరకు పోయింది, ఇక్కడ రోజూ వాడుకలో ఉంది. అమ్మను పిలవాలంటే ‘మామో’. చైనాలోనూ అమ్మ ‘మామ’యే. మన మేనమామలు ఈ రెండు దేశాల్లోనూ జాగ్రత్తగా ఉండాలి.

చైనీస్‌లో విభక్తులు లేవు, బహువచనం దాదాపు లేదు, క్రియకు కాలం గుర్తు లేదు. ప్రశ్న వేయాలంటే వాక్యం చివర ‘మ’ చేరిస్తే చాలు, మనం ‘వచ్చావు’ చివర దీర్ఘం తీసినట్టే. ఆ సులువుకు బదులు లెక్కపెట్టేచోట కట్టించుకుంటారు. మూడు పుస్తకాలు అనకూడదు, పుస్తకాలను లెక్కించే మాట మధ్యలో రావాలి. చేపకు, నదికి, దారికి, ప్యాంటుకు కలిపి ఒకటే మాట, పొడుగ్గా ఉంటాయని. ముగ్గురు పుస్తకాలు, మూడు మనుషులు అంటే ఎందుకు తప్పో తెలిసిన మనకు ఇది మరీ వింత కాకూడదు.

నాకు బాగా నచ్చిన చోటు మాత్రం ‘ల’ అనే చిన్న ముక్క. చైనీస్ క్రియ వెనక వస్తుంది. ఇంగ్లీషు దారిలో వచ్చినవాళ్లు దాన్ని భూతకాలం అనుకుని చాలాకాలం తిప్పలు పడతారు. ‘రేపు అన్నం తిని వెళ్తాను’ అనే వాక్యంలో కూడా తినడం పక్కన ‘ల’ ఉంటుంది. రేపటి పనికి భూతకాలం ఏమిటి? మన ‘తిని’లో ఉన్నదీ భూతకాలం కాదు. ఒక పని ముగిసి ఇంకో పని మొదలవుతుందని చెప్పడం, అంతే. ఉక్రేనియన్‌లో ఇదే గొడవ మరో వేషంలో వస్తుంది. దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలు: చదువుతూ ఉండడం ‘చితాతి’, చదివి ముగించడం ‘ప్రొచితాతి’. ‘చదివాడు’కూ ‘చదివేశాడు’కూ తేడా తెలిసినవాడికి సగం పాఠం అయిపోయినట్టే. మిగతా సగం కష్టమే. మనం ‘వేయు’ను ఇష్టమైతే తగిలిస్తాం, వాళ్లు మాత్రం క్రియ వాడిన ప్రతిసారీ రెండింట్లో ఒకటి తేల్చుకోవాల్సిందే.

తెలుగు చేయి వదిలేసే చోట్లూ ఉన్నాయి. ఉక్రేనియన్‌లో బల్ల పుంలింగం, పుస్తకం స్త్రీలింగం, కిటికీ నపుంసకం. దీనికి మన దగ్గర మందు లేదు. చైనీస్ లిపి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2013లో ప్రభుత్వం ప్రకటించిన పట్టికలో 8105 అక్షరాలున్నాయి, అందులో 3500 అందరికీ తప్పనిసరి అనదగ్గవి. చాలా అక్షరాల్లో ఒక ముక్క అర్థానికి, ఒకటి ధ్వనికి. అమ్మ అనే అక్షరంలో ఎడమన స్త్రీ, కుడిన గుర్రం. గుర్రాన్నీ ‘మా’ అనే అంటారు, స్వరం వేరు. మాండరిన్‌లో నాలుగు స్వరాలు. మూడో స్వరాలు రెండు పక్కపక్కన పడితే మొదటిది రెండో స్వరమవుతుంది. ప్రపంచమంతా దాన్ని ‘టోన్ సంధి’ అనే పిలుస్తుంది. పేరు మనకు తెలిసిందే, పలకడమే రాదు.

రెండు భాషల్లోనూ మనకు ఒకేరకంగా తగిలే దెబ్బ ఇక్కడే ఉంది. రాసినదంతా పలుకుతాం, పలికేదంతా రాస్తాం అని తెలుగు కన్ను నమ్ముతుంది. చైనీస్ పేజీ మీద స్వరం కనపడదు. ఉక్రేనియన్ పేజీ మీద ఊనిక కనపడదు. ‘ౙామొక్’లో మొదటి అక్షరం ఊనితే కోట, రెండోది ఊనితే తాళం. అచ్చులో రెండూ ఒకటే. అందుకని నా తెలుగు అక్షరాల నెత్తిన ఎర్ర పెన్నుతో గీతలు పెడుతుంటాను. ఉక్రేనియన్ పేజీల్లో అవి ఈమధ్య తగ్గాయి. చైనీస్‌వైపు పెన్నులో సిరా మాత్రమే తగ్గుతోంది.