చెవి విన్నదా, చీటీ విన్నదా?

2022 జూలై మాసమున అమెరికాలోని ఫీనిక్స్ నగరమందు గ్రామఫోను రికార్డుల వర్తకుడొకడు ఒక సందేహమును బయటపెట్టెను. కాలిఫోర్నియాలోని మొబైల్ ఫిడెలిటీ అను సంస్థ మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ రికార్డును 40,000 ప్రతులు వేయుదుమని ప్రకటించి యుండెను. ఒక్కొక్క ప్రతి వెల 125 డాలర్లు. ఆ సంస్థ రికార్డులు మూల టేపునుండి నేరుగా, నడుమ డిజిటల్ యంత్రమేదియు తగులకుండ తయారగునని రసికుల నమ్మకము. అంత వెల పోసి కొనుటకు ఆ నమ్మకమే ముఖ్య కారణము. అది నిజము కాదని ఆ వర్తకుడు చెప్పెను.

రికార్డు తయారగు విధము ఎరిగినవారికి 40,000 అను అంకెయే అనుమానము కలిగింపదగినది. టేపుపైనున్న సంగీతమును మొదట మెత్తని పూత గల అల్యూమినియము పళ్లెముపై గాడిగా కోయుదురు. దానిపై నికెలు పొర పెంచి ఒలిచినచో, గాడి మిట్టగా తిరుగబడిన అచ్చు లభించును. మామూలుగా ఆ అచ్చునుండి రెండవ అచ్చు, దానినుండి మూడవది తీసి, ఆ మూడవదానితో ప్లాస్టిక్కును నొక్కుదురు. కనుక ఒక్క పళ్లెము కోసిన వేలకొలది ప్రతులకు చాలును. ఖరీదైన రకమునందు నడిమి అంచెలు రెండును తీసివేసి, మొదటి అచ్చుతోనే నొక్కుదురు. సూక్ష్మ వివరములు చెడకుండుట దీని లాభము. కాని అట్టి అచ్చు సుమారు వేయి ప్రతులకే అరిగిపోవును. అనగా 40,000 ప్రతులకు ఒక్కొక్క ప్రక్కకు నలుబది పళ్లెములైన కోయవలెను. అన్నిసార్లు 1982 నాటి మూల టేపును త్రిప్పవలెను. త్రిప్పిన కొలది టేపు అరుగును. అట్టి పనికి టేపు సొంతదారులు ఒప్పుకొందురా?

ఒప్పుకొనలేదు. ఒప్పుకొనవలసిన అవసరమును రాలేదు. ఆ వర్తకుడు సంస్థకు పోయి అడుగగా, ఇంజనీర్లు ఉన్నదున్నట్లు చెప్పిరి. 2011 నుండియే ఎన్నో రికార్డులకు టేపును ఒక్కసారి మాత్రము త్రిప్పి, సెకనుకు లక్షలకొలది సార్లు కొలిచి అంకెలుగా దాచి, ఆ అంకెలనుండి పళ్లెములు కోయుచుండిరి. కొన్నవారు న్యాయస్థానమునకు పోయిరి. 2023లో రాజీ కుదిరినది. వంచన వంచనయే. చెప్పవలసినది చెప్పక సొమ్ము తీసికొనుట ఏ వ్యాపారమునందైనను తప్పే.

అయితే ఈ కథలో అంతకంటె ఆలోచింపవలసిన సంగతి వేరొకటి కలదు. డిజిటల్ శబ్దమును క్షణములో పసిగట్టగలమని, అది చెవికి కరుకుగా, జీవము లేనట్లుండునని ఏండ్ల తరబడి వ్రాసిన విమర్శకులు ఈ రికార్డులనే అనలాగ్ పద్ధతికి మేలుబంతులని మెచ్చుకొని యుండిరి. పదునొకండు సంవత్సరములు ఆ కరుకుదనము వారి చెవిని తాకలేదు. వారు విన్నది మంచి సంగీతమే, మెచ్చుకొనుటయు సమంజసమే. కాని మెప్పునకు వారు చూపిన కారణము మాత్రము చెవినుండి రాలేదు, అట్టపై చీటీనుండి వచ్చినది.

డిజిటల్ పద్ధతిపై వారి ముఖ్యాక్షేపము ఇది: నునుపైన తరంగమును ముక్కలుగా కోసి మెట్లవలె పేర్చుదురు, మెట్ల నడుమనున్నది పోవును. బొమ్మగా గీసిన ఇది నిజమే అనిపించును. కాని గణితము ఒప్పుకొనదు. ఒక శబ్దమునందలి అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపుకంటె ఎక్కువసార్లు కొలిచినచో, ఆ కొలతలన్నిటి గుండ పోవు తరంగము ఒక్కటే యుండును. షానన్ 1949లో ప్రకటించిన నిరూపణము దీనిని స్థిరపరచినది. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలదు. వయస్సు మీరిన కొలది అదియు తగ్గును. 1982లో వచ్చిన సి.డి. సెకనుకు 44,100 సార్లు కొలుచును. తిరిగి శబ్దముగా మార్చునప్పుడు వడపోతవలన మెట్లు మిగులవు, నునుపైన తరంగమే వెలువడును.

గాడికే ఇబ్బందులు ఎక్కువ. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు రికార్డుపై ముల్లు వెలుపలి అంచున సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగును; చివరి పాటకు వచ్చుసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోవును. అదే శబ్దమును సగముకంటె తక్కువ చోటులో ఇరికింపవలెను గనుక లోపలి పాటలలో హెచ్చు స్థాయి శబ్దములు చెదరును. మందర స్వరములను ఉన్నవి ఉన్నట్లు కోసినచో ప్రక్క గాడి తెగును. అందుచే తగ్గించి కోసి, వినునపుడు పెంచుదురు. నడుమ ఏదియు తగులని సంగీతమని పొగడువారు ఈ సంగతి చెప్పరు.

చెవిని పరీక్షించు మార్గము లేకపోలేదు. ఏది ఏదో తెలియనీయక వినిపించిన చాలును. మేయర్, మోరన్ అనువారు 2007లో ప్రకటించిన పరీక్షలలో, మేలైన డిస్కుల శబ్దమును నేరుగా ఒకసారి, సి.డి. కొలతకు తగ్గించి ఒకసారి వినిపించిరి. 554 పర్యాయములలో 276 సార్లు సరిగా చెప్పిరి. నాణెము ఎగురవేసినను అంతే. 2016లో రీస్ అనునతడు పదునెనిమిది పరిశోధనలను కలిపి లెక్కించగా సగటు 52.3 శాతము వచ్చినది. శిక్షణ పొందిన చెవులు ఇంకను బాగుగా గుర్తించినవి. కనుక భేదము బొత్తిగా లేదనుట సాహసము. ఉన్నదనుకొన్నను, ‘క్షణములో పసిగట్టుట’కు అది బహుదూరము.

పానప్రియులకును ఈ తిప్పలు తప్పలేదు. 2001లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు తెల్లని ద్రాక్షసారాయిలో వాసన లేని ఎర్రరంగు కలిపి 54 మంది విద్యార్థుల కీయగా, వారు దానిని ఎర్ర సారాయిని వర్ణించు మాటలతోనే వర్ణించిరి.

2022లో అమెరికాయందు నాలుగు కోట్ల పది లక్షల రికార్డులును, మూడు కోట్ల ముప్పది లక్షల సి.డి.లును అమ్ముడుపోయినవి, 1987 తరువాత రికార్డులు మించుట అదియే మొదలు. పెద్ద అట్ట, చేతితో పెట్టు ముల్లు, ప్రక్క త్రిప్పువరకు లేవక కూర్చుండు ఓపిక, ఇవన్నియు కొనదగినవే. తెలుగునాట నాటక పద్యముల లక్క రికార్డులు దాచుకొన్న ఇండ్లవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. బరబరలు వినిపించినను వారు ముల్లు తీయరు. శబ్దము మేలైనదని వారెవ్వరును వాదింపరు కూడ. 125 డాలర్లు పోయువాడును అట్లే ఇష్టమని చెప్పి కొనినచో ఆక్షేపణ లేదు.

ఆ గొడవ తరువాత మొబైల్ ఫిడెలిటీ సంస్థ టేపునుండి పళ్లెము వరకు ఏ అంచెలు ఉన్నవో రికార్డు వారీగా తెలుపుచున్నది. ఆ వివరము చదువక ముందే విని, అభిప్రాయము కాగితముపై వ్రాసిపెట్టుకొను విమర్శకుడు దొరికినచో అతని మాట వినదగును.