దశమభాగం – పేదల వాటా: బైబిలు దానబోధపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రైస్తవ బోధలో దశమభాగాన్ని గురించిన చర్చ తరచుగా ‘ఎంత ఇవ్వాలి?’ అనే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ‘అది ఎవరికి చేరాలి?’ అనేది అంతకంటే మౌలికమైన ప్రశ్న అని బైబిలు ఆధారాలతో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దశమభాగం, కానుక, చందా, లేవీయులు, మలాకీ, విధవరాలు.

1. ఉపోద్ఘాతం:
తెలుగు క్రైస్తవుల వాడుకలో దశమభాగం, కానుక, చందా అనే మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. మొదటిది పరిమాణాన్ని, రెండవది భక్తిని, మూడవది పదిమంది కలిసి ఒక పనికి కూర్చే సొమ్మును సూచిస్తాయి. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు సేకరించిన సాయాన్ని తెలుగు బైబిలు ‘చందా’ అనే చెప్పింది (1 కొరింథీ. 16:1). తెలుగు నేలపై ఈ చర్చ కొత్తది కాదు. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య (1874–1945) ‘క్రిస్టియన్ గివింగ్’ పేరుతో ఒక పుస్తకమే రచించారు.

2. ధర్మశాస్త్రంలో దశమభాగం:
అబ్రాము మెల్కీసెదెకుకు పదియవ వంతు ఇచ్చింది యుద్ధంలో గెలిచి వచ్చిన సందర్భంలో (ఆది. 14:20). యాకోబుది మొక్కుబడి (ఆది. 28:22). ధర్మశాస్త్రంలోనే ఇది వ్యవస్థగా రూపుదిద్దుకొంది. సంఖ్యాకాండం 18వ అధ్యాయం ప్రకారం లేవీయులకు భూమిలో స్వాస్థ్యం లేదు. అందుకే పదియవ వంతు వారికి జీవనాధారమైంది. వారు సైతం తమకు వచ్చినదానిలో పదియవ వంతు అర్పించాలి. పుచ్చుకొనేవారికీ మినహాయింపు లేదన్నమాట.

ద్వితీయోపదేశకాండం (14:22–29) మరో అడుగు ముందుకు వేసింది. పంటలో పదియవ వంతును ఇంటివారితో కలిసి దేవుని సన్నిధిలో తిని సంతోషించాలి. మూడేళ్లకొకసారి దానిని ఊరిలోనే ఉంచాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు దానిని తిని తృప్తి పొందాలి. కాబట్టి దశమభాగం భూమి ఉన్నవారి పంటలో భూమి లేనివారికి దక్కవలసిన వాటా.

3. మలాకీ గ్రంథం – విడిచిన వచనం:
దశమభాగ బోధకు ఎక్కువగా ఉదాహరించేది మలాకీ 3:10. మందిరపు నిధికి పదియవ భాగం తెస్తే ఆశీర్వాదం విస్తారంగా కలుగుతుందనే వాగ్దానం అందులో ఉంది. దీనిని విడిగా తీసుకొంటే దానం పెట్టుబడిగా, ఆశీర్వాదం లాభంగా మారిపోతాయి. అదే అధ్యాయం 5వ వచనం కూలివాని జీతాన్ని ఎగగొట్టేవారిని, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధించేవారిని, పరదేశికి అన్యాయం చేసేవారిని నిలదీస్తుంది. కూలి ఎగ్గొట్టిన చేతితో దశమభాగం తెస్తే మలాకీ బోధను పాటించినట్లు కాదు. నిధి ఖాళీ అయితే ఏం జరుగుతుందో నెహెమ్యా 13:10 చెబుతుంది. తమ వాటాలు అందక లేవీయులు పొలాలకు వెళ్లిపోయారు.

4. సువార్తలలో దానం:
పుదీనా, సోపు, జీలకర్రలలో పదియవ వంతు చెల్లించి న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని విడిచినవారిని యేసు గద్దించాడు (మత్తయి 23:23). అయితే ఆ చెల్లింపును మానమని ఆయన చెప్పలేదు. వాటిని విడువకుండానే వీటిని చేయవలసిందన్నాడు. కాబట్టి దశమభాగాన్ని యేసు కొట్టివేశాడనే వాదానికి ఈ వచనం ఆధారం కాదు.

రెండు కాసులు వేసిన విధవరాలి ఘట్టాన్ని (మార్కు 12:41–44) దానశీలానికి ఆదర్శంగా చెబుతారు. దానికి ముందు 40వ వచనంలో విధవరాండ్ర ఇండ్లను దిగమింగే శాస్త్రులపై విమర్శ ఉంది. రెండింటినీ కలిపి చదివితే ఆ ఘట్టంలో మెచ్చుకోలుతోపాటు ఆవేదన కూడా వినిపిస్తుంది. యేసు లెక్కించింది పెట్టెలో పడిన సొమ్మును కాదు, ఇచ్చినవారి చేతిలో మిగిలినదానిని. పదివేలు సంపాదించే కుటుంబానికి వెయ్యి రూపాయలు, లక్ష సంపాదించే కుటుంబానికి పదివేలు ఒకే వంతు అయినా ఒకే భారం కావు.

5. ముగింపు:
సువార్త ప్రకటించేవారికి జీవనం కల్పించాలని కొత్త నిబంధన కూడా చెబుతుంది (1 కొరింథీ. 9:14). దశమభాగంలో ఆ బాధ్యత ఒక పార్శ్వం మాత్రమే. పరదేశి, అనాథ, విధవరాలు రెండవ పార్శ్వం. మొదటిదానిని నొక్కిచెప్పి రెండవదానిని మరచిన బోధ వచనాన్ని ఉదాహరిస్తుంది కాని గ్రంథాన్ని చదవదు. ఇచ్చేవారిని ‘ఎంత తెచ్చావు?’ అని అడిగే సంఘం, ‘ఎవరు తృప్తిగా తిన్నారు?’ అనే ప్రశ్నకు తానూ జవాబు చెప్పవలసి ఉంటుంది.