మనిషి కనబడని ప్రేమకథ

జెనీ ఓల్సన్ తీసిన ‘ది రాయల్ రోడ్’ (2015) ఒక లెస్బియన్ విరహాన్ని చెప్పే డాక్యుమెంటరీ. కానీ ప్రేమించిన మనిషి, ఆమె మనసుపడ్డ స్త్రీలు తెరమీదికి రానే రారు. శాన్‌ఫ్రాన్సిస్కో వీధులు, ఇళ్ల గోడలు, వాటి మీద పడే ఎండ... స్టాండు మీద నిలబెట్టిన 16 ఎంఎం కెమెరా అటూ ఇటూ తిరగకుండా వాటినే చూస్తుంది. వెనక ఓల్సన్ తన గొంతుతోనే, తనకు దక్కని ఆడవాళ్ల గురించి తొణక్కుండా చెప్పుకుపోతుంది.

మొదట కాసేపు మన కళ్లు మనిషి కోసం వెతుకుతాయి. ఎవరూ రారు. అప్పుడు గోడ మీద జరిగే నీడ కనబడుతుంది, దూరాన వెళ్లే కారు వినబడుతుంది. ఈలోగా ఆ గొంతు ఒకామె పేరు చెబుతుంది. మూసి ఉన్న కిటికీ వెనక ఆమె ఉందేమోనని మనమే అనుకుంటాం. ముఖం చూపిస్తే ఆ ప్రేమ ఆ ఇద్దరిదే అయ్యేది. చూపకపోవడం వల్ల చూసేవారి బెంగ కూడా అందులో చేరుతుంది. పైగా స్త్రీని ప్రేమించే స్త్రీ శరీరాన్ని సినిమా ఎప్పుడూ వింతగా చూపిస్తూ వచ్చింది. ఆ చూపుకు ఇక్కడ తావే లేదు. నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న అసలు విలువ ఇదే.

ఈ దారి ఓల్సన్‌తో మొదలవలేదు. శాంటాల్ అకర్‌మన్ 1976లో ‘న్యూస్ ఫ్రమ్ హోమ్’లో న్యూయార్క్ వీధులు చూపిస్తూ, బ్రసెల్స్ నుంచి అమ్మ రాసిన ఉత్తరాలు చదివింది. కొన్నిచోట్ల ఊరి రొదలో ఆ మాటలు మునిగిపోతాయి. ప్యాట్రిక్ కీలర్ ‘లండన్’ (1994)లోనూ రాబిన్‌సన్ అనే పాత్ర గురించి వినడమే తప్ప చూడం.

ఓల్సన్ దీనికి చరిత్రను కలిపింది. చిత్రానికి పేరిచ్చిన దారి ‘ఎల్ కమీనో రియల్’. శాన్‌డియేగో నుంచి సోనోమా దాకా సుమారు 600 మైళ్లు, స్పెయిన్ మిషనరీలు కట్టిన 21 మిషన్లను (క్రైస్తవ మత కేంద్రాలను) కలుపుతుంది. ఓల్సన్ ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఆమె కోరుకున్న ఒక స్త్రీ లాస్ఏంజెలెస్‌లో. రెండింటి మధ్యా ఆ దారే. మెక్సికో నుంచి 1846-48 యుద్ధంలో అమెరికా లాక్కున్న నేల అది. ఈ భాగం అక్కడక్కడ పాఠంలా సాగుతుందన్నది నిజం. అయినా తనది కానిదాన్ని కోరుకునే మనసు, తనది కాని నేలను ఆక్రమించిన దేశం పక్కపక్కన నిలబడినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

అంతకుముందు ఇదే తరహాలో తీసిన ‘ది జాయ్ ఆఫ్ లైఫ్’ (2005)లో గోల్డెన్ గేట్ వంతెన మీద జరిగే ఆత్మహత్యల గురించి ఓల్సన్ చర్చించింది. ఆమె స్నేహితుడు, లెస్బియన్-గే చిత్రోత్సవ నిర్వాహకుడు మార్క్ ఫించ్ 1995లో అలాగే చనిపోయాడు. వంతెనకు రక్షణ కావాలన్న చర్చ మళ్లీ రాజుకోవడానికి ఆ చిత్రమూ ఒక కారణం. రక్షణ వల బిగించడం 2024 జనవరిలో పూర్తయింది.

‘ది రాయల్ రోడ్’ నిడివి 65 నిమిషాలే. చూడబోయేవారికి ఒక్క మనవి: ఏమీ జరగడం లేదని ముందుకు జరపకండి, ఫోన్ పక్కన పెట్టి ఒక్క విడతలో చూడండి.